చలికి కట్టని ఇళ్లు

2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రాన్ని కమ్ముకున్న మంచు తుపాను గురించి చెప్పుకునేటప్పుడు మొట్టమొదట గమనించవలసిన సంగతి ఏమిటంటే, ఆ వారం అక్కడ నమోదైన చలి ఉత్తర అమెరికా ఖండానికి కొత్తదీ కాదు, అరుదైనదీ కాదు. డాలస్-ఫోర్ట్ వర్త్ విమానాశ్రయంలో ఫిబ్రవరి 16న ఉష్ణోగ్రత మైనస్ 19 డిగ్రీల సెల్సియస్‌కు దిగింది. 1949 తర్వాత ఆ ప్రాంతం అంతటి చలిని ఎరగదు. అయితే అదే మైనస్ 19 డిగ్రీలు ఉత్తరాన మిన్నెసోటాలోనో, కెనడాలోని మానిటోబాలోనో నమోదైతే పిల్లలు బడికి, పెద్దలు పనికి మామూలుగానే వెళ్లి వస్తారు. టెక్సస్‌లో మాత్రం ఆ తుపాను కారణంగా 246 మంది మరణించారని రాష్ట్ర ఆరోగ్యశాఖ లెక్క తేల్చింది. 45 లక్షలకు పైగా ఇళ్లకు, దుకాణాలకు కరెంటు పోయింది. 1 కోటి 40 లక్షలకు పైగా జనం కొళాయి నీళ్లు కాచుకుంటే తప్ప తాగరాదన్న హెచ్చరిక కింద రోజులు గడిపారు. ఒకచోట దినచర్యగా సాగిపోయే చలి మరొకచోట ప్రాణాంతకంగా ఎందుకు మారిందన్నదే ఈ ప్రసంగంలోని విషయం.

తెలుగువారికి ఈ విషయంతో సంబంధం లేకపోలేదు. డాలస్ చుట్టుపక్కల ఉన్న ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ పట్టణాలలోను, ఆస్టిన్, హ్యూస్టన్ నగరాలలోను తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో స్థిరపడ్డాయి. చదువుకోవడానికి వెళ్లిన పిల్లలు మరెందరో ఉన్నారు. వేసవిలో 40 డిగ్రీలకు చేరే టెక్సస్ ఎండ రాయలసీమ నుంచో తెలంగాణ నుంచో వెళ్లినవారిని పెద్దగా ఇబ్బంది పెట్టదు. తుపాను కూడా వారికి తెలియని ఉపద్రవమేమీ కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకినప్పుడు చీకట్లో, నీళ్లకు కటకటపడుతూ రోజులు గడిపినవారు లక్షల్లో ఉన్నారు. కాని కోస్తాను తాకే తుపానుకూ మంచు తుపానుకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. కోస్తా తుపాను తన విధ్వంసాన్ని కొన్ని గంటల్లో ముగించి సాగిపోతుంది. ఆ తర్వాత కరెంటు లేకపోయినా గాలి, ఎండ మనిషికి అనుకూలంగానే ఉంటాయి. మంచు తుపానులో అసలు కష్టం హిమపాతం ఆగిన తర్వాత మొదలవుతుంది, ఎందుకంటే మబ్బు విడిపోయిన రాత్రే చలి మరింత ముదురుతుంది, కరెంటు లేని ఇల్లు గంటగంటకూ తన వేడిని కోల్పోతూ పోతుంది.

ఇంతటి చలి దక్షిణాదికి ఎలా దిగివచ్చిందన్నది క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. చలికాలంలో ఉత్తర ధ్రువం మీద, నేలకు ఎంతో ఎత్తున, అతిశీతలమైన గాలి ఒక పెద్ద వలయంగా తిరుగుతూ ఉంటుంది. దానిని శాస్త్రజ్ఞులు ధ్రువ సుడి అంటారు. ఆ వలయం బలంగా ఉన్నంతకాలం చలిగాలి ధ్రువ ప్రాంతంలోనే చాలావరకు బందీగా ఉంటుంది. 2021 జనవరి మొదట్లో ఆ ఎత్తున గాలి హఠాత్తుగా వేడెక్కి వలయం చెదిరిపోయింది. తర్వాతి వారాలలో ధ్రువపు చలిగాలి ఖండం మధ్యభాగం మీదుగా, అడ్డుకునే పర్వతాలేవీ లేని మైదానాల వెంట, మెక్సికో సరిహద్దు దాకా దిగింది. రాష్ట్రంలోని 254 కౌంటీలలో, అంటే జిల్లాల వంటి పాలనా విభాగాలలో, అన్నింటిలోనూ గవర్నరు ఫిబ్రవరి 12న విపత్తు పరిస్థితిని ప్రకటించారు. దక్షిణ తీరంలోని సౌత్ పాడ్రే ద్వీపం దగ్గర సముద్రపు నీరు ఎంత చల్లబడిందంటే, చలికి కొయ్యబారి తేలుతున్న తాబేళ్లను వేల సంఖ్యలో ఒడ్డుకు చేర్చి అక్కడి సమావేశ మందిరంలో నేల మీద వరుసలుగా పరిచారు.

ఆకాశం నుంచి పడేది ఏ రూపంలో పడుతుందన్నదాన్ని బట్టి నష్టం తీరు మారుతుంది గనుక, ఆ రూపాలను వేరుపరచి చూడవలసి ఉంటుంది. పై నుంచి కింది దాకా గాలి అంతా సున్నా డిగ్రీలకు దిగువనే ఉంటే దూదిపింజల వంటి హిమం పడుతుంది. నడుమ ఒక వెచ్చని గాలిపొర ఉంటే ఆ హిమం అక్కడ కరిగి వాన చినుకు అవుతుంది; కింద ఉన్న చలిపొర మందంగా ఉంటే ఆ చినుకు నేలను తాకకముందే మళ్లీ గట్టిపడి గులకల్లా రాలుతుంది. చలిపొర పలుచగా ఉంటే మాత్రం చినుకుకు గట్టిపడే వ్యవధి దొరకదు; అది సున్నాకు దిగువన చల్లబడి కూడా నీరుగానే ఉండి, కొమ్మనో, తీగనో, రోడ్డునో తాకిన మరుక్షణం గాజుపూతలా అతుక్కుపోతుంది. ఈ మూడో రకాన్ని గడ్డకట్టే వాన అనవచ్చు. చూడటానికి హిమపాతమే భీకరంగా కనిపించినా, నిజానికి మూడింటిలోనూ ప్రమాదకరమైనది ఈ వానే. ఫిబ్రవరి 11 తెల్లవారుజామున ఫోర్ట్ వర్త్‌లో ఇటువంటి సన్నని జల్లు పడి, ఎత్తయిన రహదారి మీద కంటికి ఆనని మంచుపొర ఏర్పడటంతో 130కి పైగా వాహనాలు ఒకదాని మీద ఒకటి పడి 6 మంది మరణించారు. వంతెనలకు అడుగున నేల ఉండదు గనుక, పై నుంచీ కింది నుంచీ చలిగాలి తగిలి, మిగతా రోడ్డు తడిగా ఉన్నప్పుడే అవి గడ్డకడతాయి. ఉత్తరాది రాష్ట్రాల డ్రైవర్లకు ఇది చిన్ననాటి నుంచి తెలిసిన విషయం.

గడ్డకట్టే వాన శక్తి ఎంతటిదో తెలియాలంటే 1998 జనవరిలో కెనడాలోని క్విబెక్ ప్రాంతంలో జరిగినది చూడాలి. జనవరి 5 నుంచి దాదాపు 6 రోజుల పాటు విడతలు విడతలుగా కురిసిన ఆ వాన మాంట్రియల్‌కు దక్షిణాన కొన్నిచోట్ల 100 మిల్లీమీటర్ల దాకా చేరింది. తీగ మీద మంచు పేరుకున్న కొద్దీ బరువు పెరుగుతుంది, గాలి తాకే వైశాల్యమూ పెరుగుతుంది. ఒక టవరు కూలితే తీగ ఒకవైపే లాగబడి పక్క టవరునూ వంచుతుంది. ఆ విధంగా వందలాది ఉక్కు టవర్లు, వేలాది చెక్క స్తంభాలు వరుసగా నేలకూలాయి. చలిని తట్టుకోవడంలో క్విబెక్ ఎవరికీ తీసిపోదు. అయినా అక్కడి టవర్లు అంతటి బరువును ఊహించి నిలబెట్టినవి కావు. సాన్-యసాంత్, గ్రాన్‌బీ, సాన్-జాన్-స్యూర్-రిషెల్యూ పట్టణాల మధ్య ప్రాంతానికి చీకటి త్రిభుజమన్న పేరు వచ్చింది, కొన్ని ఇళ్లకు నెల రోజులకు పైగా కరెంటు రాలేదు. పాలు పితికే యంత్రాలు ఆగిపోయి పశుపాలకులు, కొమ్మలు విరిగి మేపుల్ తోటల రైతులు నష్టపోయారు. బూషెర్‌విల్ అనే ఊళ్లో ఒక డీజిల్ రైలింజనును పట్టాల మీది నుంచి దించి, మామూలు రోడ్డు మీదుగా పురపాలక భవనం దాకా నడిపించుకువెళ్లి, దానితో విద్యుత్తు పుట్టించుకున్నారు. రోడ్డు మీద ఇనుప చక్రాలు చేసిన గాడిని ఆ వేళ ఎవరూ లెక్కచేసి ఉండరు.

క్విబెక్‌లో కూలినవి టవర్లు. టెక్సస్‌లో చాలావరకు టవర్లు, తీగలు నిలబడే ఉన్నాయి. వాటిలో ప్రవహించవలసిన విద్యుత్తే కరువైంది. ఈ తేడా చాలా ముఖ్యమైనది. టెక్సస్‌లోని ఇళ్లలో సగానికి పైగా వేడి కోసం కరెంటు మీదనే ఆధారపడతాయి. ఫిబ్రవరి 14 ఆదివారం సాయంత్రం రాష్ట్ర గ్రిడ్ మీద డిమాండు 69,222 మెగావాట్లకు చేరింది. చలికాలంలో అంతకుముందెన్నడూ అంత వాడకం లేదు. గ్రిడ్ అంటే విద్యుత్ కేంద్రాలను, తీగలను, వాడుకదారులను ఒకే లయలో కట్టిపడేసే అనుసంధాన వ్యవస్థ. టెక్సస్ విద్యుత్ వాడకంలో దాదాపు 90 శాతాన్ని ఎర్కాట్ అనే సంస్థ నియంత్రిస్తుంది. ఆ రాత్రి డిమాండు ఇంకా ఎక్కువగా ఉండగానే ఒకదాని తర్వాత ఒకటిగా కేంద్రాలు ఆగిపోసాగాయి.

ఆగిపోవడానికి కారణాలు వింటే ఆశ్చర్యంగా ఉంటుంది. చలి దేశాలలో విద్యుత్ కేంద్రాల యంత్రాలను గోడల మధ్య, పైకప్పు కింద ఉంచుతారు. టెక్సస్‌లో వేసవి వేడి బయటికి పోవాలన్న ఉద్దేశంతో చాలా కేంద్రాలలో బాయిలర్లను, పైపులను ఆరుబయటే వదిలేశారు. నీటి పీడనాన్ని కొలిచే పరికరానికి వెళ్లే సన్నని గొట్టంలో నీరు గడ్డకడితే, పరికరం తప్పు కొలత చూపుతుంది. తప్పు కొలత చూసిన రక్షణ వ్యవస్థ యంత్రాన్ని నిలిపివేస్తుంది. ఫిబ్రవరి 15 తెల్లవారుజామున సౌత్ టెక్సస్ అణు విద్యుత్ కేంద్రంలోని మొదటి యూనిట్ ఇదే విధంగా ఆగింది: అణు రియాక్టరుకు ఏ లోపమూ లేదు, నీటి పంపు దగ్గరి కొలత గొట్టం ఒకటి గడ్డకట్టింది, అంతే, దాదాపు 1,300 మెగావాట్లు గ్రిడ్ నుంచి తప్పుకున్నాయి. గాలిమరల రెక్కల మీద మంచు పేరుకుని కొన్ని ఆగాయన్నది నిజమే, దాని మీద రాజకీయ నాయకులు చాలా గొంతు చించుకున్నారు కూడా. కాని తర్వాత కేంద్ర నియంత్రణ సంస్థలు జరిపిన విచారణలో, అనుకోకుండా ఆగిన యూనిట్లలో సగానికి పైగా సహజవాయువుతో నడిచేవేనని తేలింది. బావి నుంచి వాయువుతో పాటు కొంత నీరూ వస్తుంది. ఆ నీరు బావి మూతి దగ్గరే గడ్డకట్టి వాయువుకు అడ్డుపడింది. అంతకన్నా విచిత్రమేమిటంటే, వాయువును గొట్టాలలోకి తోసే కొన్ని కేంద్రాలు కరెంటుతో నడుస్తాయి, అవి అత్యవసర వాడుకదారుల జాబితాలో నమోదు కాలేదు. కరెంటు ఆదా చేయడానికి ప్రాంతాలకు కోత విధించినప్పుడు వాటికీ కోత పడింది. దానితో వాయువు తగ్గింది, వాయువు తగ్గినందువల్ల కరెంటు మరింత తగ్గింది.

ఆ రాత్రి 1 గంట 20 నిమిషాలకు ఎర్కాట్ అత్యవసర స్థితిలోని ఆఖరి దశను ప్రకటించి కోతలు మొదలుపెట్టింది. అప్పటికి పరిస్థితి ఎంతవరకు వచ్చిందో గ్రహించాలంటే ఫ్రీక్వెన్సీ అనే మాట అర్థం కావాలి. అమెరికాలో విద్యుత్ ప్రవాహం అటూ ఇటూ దిశ మార్చుకునే చక్రాలను సెకనుకు 60 పూర్తిచేస్తూ సాగుతుంది, భారతదేశంలో ఆ సంఖ్య 50. పుట్టే విద్యుత్తు, వాడే విద్యుత్తు సరిసమానంగా ఉన్నంతవరకే ఆ సంఖ్య నిలకడగా ఉంటుంది. ఏటవాలు బాటలో బరువు బండిని లాగుతున్న ఎడ్లలో ఒకటి కాడి దించుకుంటే మిగిలినవాటి నడక మందగించినట్లే, కొన్ని కేంద్రాలు తప్పుకుంటే మిగిలిన యంత్రాల వేగం తగ్గి ఫ్రీక్వెన్సీ పడిపోతుంది. అది 59.4కు దిగువన 9 నిమిషాల పాటు ఉంటే తమను తాము కాపాడుకోవడానికి మిగతా యంత్రాలు కూడా వరుసగా విడిపోతాయి; అప్పుడు గ్రిడ్ మొత్తం చీకటైపోతుంది, దానిని శూన్యం నుంచి తిరిగి నిలబెట్టడానికి వారాలు పట్టవచ్చు. ఆ రాత్రి ఫ్రీక్వెన్సీ ఆ గీతకు దిగువన 4 నిమిషాల 23 సెకన్లు ఉంది. మిగిలిన గడువు 4 నిమిషాల 37 సెకన్లు. నియంత్రణ గదిలో కూర్చున్నవారు కోతలను వేగంగా పెంచుతూ పోయి, ఒక దశలో 20,000 మెగావాట్ల వాడకాన్ని తెగ్గొట్టి గ్రిడ్‌ను నిలబెట్టారు. వ్యవస్థను నడిపినవారిని ఆ తర్వాత ఎందరో తిట్టారు, అందులో న్యాయం లేకపోలేదు. కాని ఆ కొన్ని నిమిషాలలో గదిలో ఉన్నవారు చేసిన పని మాత్రం మెచ్చదగినదే.

కోతలు వంతులవారీగా, అరగంటకో ముప్పావు గంటకో ఒక ప్రాంతం నుంచి మరొక ప్రాంతానికి మారాలన్నది నియమం. తెలుగునాట వేసవి కోతలకు అలవాటుపడినవారికి ఆ పద్ధతి కొత్త కాదు. అయితే ఆసుపత్రులు, నీటి శుద్ధి కేంద్రాలు, అగ్నిమాపక కేంద్రాలు ఉన్న లైన్లను తెంచరాదు గనుక, వాటిని మినహాయించిన తర్వాత మార్చుకోవడానికి ఇతర లైన్లే మిగల్లేదు. ఫలితంగా ఆసుపత్రి ఉన్న లైను మీది ఇళ్లలో దీపాలు యథాప్రకారం వెలుగుతుండగా, వీధి దాటితే మూడేసి రోజులు చీకటి. నగరాల నడిబొడ్డున సెలవు రోజున మనుషులు లేని ఎత్తయిన కార్యాలయ భవనాలు దేదీప్యమానంగా వెలిగిపోతున్న ఫోటోలు చూసి, చలిలో వణుకుతున్న శివార్ల జనం మండిపడటంలో వింత లేదు.

పొరుగు రాష్ట్రాల నుంచి కరెంటు తెచ్చుకోకూడదా అన్న ప్రశ్న ఇక్కడ సహజంగానే వస్తుంది. అమెరికాలో తూర్పు, పశ్చిమ గ్రిడ్‌లు రెండు ఉండగా, టెక్సస్ తన గ్రిడ్‌ను వేరుగా ఉంచుకుంది. 1935లో వచ్చిన చట్టం రాష్ట్రాల సరిహద్దులు దాటే విద్యుత్తు మీద కేంద్ర ప్రభుత్వానికి అజమాయిషీ ఇచ్చింది; సరిహద్దు దాటకపోతే ఆ అజమాయిషీ ఉండదన్న లెక్కతో టెక్సస్ కంపెనీలు లోపలికే పరిమితమయ్యాయి. తూర్పు గ్రిడ్‌తో ఉన్న రెండు చిన్న అనుసంధానాల సామర్థ్యం కలిపినా దాదాపు 820 మెగావాట్లే. రాష్ట్రానికి పశ్చిమపు కొసన ఉన్న ఎల్ పాసో నగరం మాత్రం పశ్చిమ గ్రిడ్‌లో భాగం. అక్కడి విద్యుత్ సంస్థ అంతకు పదేళ్ల ముందరి చలికి దెబ్బతిని తన యంత్రాలకు చలి రక్షణ కల్పించుకుంది కూడా. 2021లో ఆ నగరానికి పెద్ద ఇబ్బంది కలగలేదు. విడిగా ఉండటం ఎల్లప్పుడూ నష్టమేనని దీన్నిబట్టి తీర్మానించడం సరికాదు. 2012 జూలై 30, 31 తేదీలలో భారతదేశపు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు కుప్పకూలి 60 కోట్లకు పైగా జనం నివసించే ప్రాంతాలు చీకటైనప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. కారణం, అప్పటికి దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో ఒకే లయలో కలవలేదు, విశాఖపట్నంలోని గాజువాక వంటి కొన్ని కేంద్రాల ద్వారా పరిమితంగా మాత్రమే విద్యుత్తును ఇచ్చిపుచ్చుకునేది. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ లైనుతో ఆ ఎడబాటు ముగిసింది. విడిగా ఉన్న గ్రిడ్ పొరుగువాడి రోగం అంటించుకోదు. తనకే రోగం వస్తే మాత్రం పొరుగువాడు మందు అందించలేడు. టెక్సస్‌లో జరిగింది ఆ రెండోదే. అయినా ఆ వారం పొరుగు రాష్ట్రాలు కూడా చలితో అల్లాడాయి గనుక, అనుసంధానం ఒక్కటే గండం గట్టెక్కించేదని చెప్పడం అతిశయోక్తి అవుతుంది.

ఇక ఇంటి లోపలికి వస్తే, అసలు కథ అక్కడే ఉంది. టెక్సస్ ఇంటిని కట్టేవాడి దృష్టి అంతా లోపలి చల్లదనం మీద ఉంటుంది. నేలమాళిగ ఉండదు, కాంక్రీటు పలక మీద నేరుగా ఇల్లు లేస్తుంది. చలి రాష్ట్రాలలో నేల లోతున, ఇంటి నడిమధ్యన నడిపే నీటి పైపులను ఇక్కడ చాలా ఇళ్లలో వెలుపలి గోడల నుంచో, పైకప్పుకూ లోకప్పుకూ మధ్యనున్న అటక గుండానో నడిపిస్తారు. ఇంట్లో వేడి ఉన్నంతవరకు ఆ పైపులకు ముప్పు లేదు. గ్యాసుతో నడిచే వేడియంత్రం ఉన్న ఇళ్లు కూడా ఈ కోతలో బయటపడలేదు, ఎందుకంటే వేడిని గదులకు తోసే పంకా కరెంటుతోనే తిరుగుతుంది.

పైపు పగిలే తీరును కొంచెం నిదానంగా చూడటం మంచిది. నీరు గడ్డకట్టినప్పుడు దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. ఆ పెరుగుదల ఒత్తిడికి గడ్డ ఉన్నచోటే పైపు చీలుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎక్కువగా జరిగేది వేరు. పైపులో ఒకచోట మంచు బిరడాలా బిగుసుకుని, పెరుగుతూ, ముందున్న నీటిని మూసి ఉన్న కొళాయి వైపు నెడుతుంది. ఎటూ పోయే దారి లేని ఆ నీటిలో పీడనం పెరిగి పెరిగి, మంచు లేని మరొకచోట పైపు చీలుతుంది. కొళాయిని సన్నని ధారగా వదిలిపెట్టమని చెప్పే సలహాలోని ఆంతర్యం ఇదే: పారే నీరు త్వరగా గడ్డకట్టదు, కట్టినా పీడనం కొళాయి గుండా వెలుపలికి పోతుంది. పైపు చీలినా, మంచు బిరడా ఉన్నంతసేపు నీరు కారదు. వాతావరణం తేరుకుని, జనం ఊపిరి పీల్చుకున్న రోజున అది కరుగుతుంది. అప్పుడు అటకలోని పైపు నుంచి నీరు జిప్సం పలకల లోకప్పు మీద నిలిచి, ఆ పలక ఉబ్బి, పడకగది మీదో, హాలు మీదో తడిసిన ఉష్ణనిరోధక దూదితో సహా కుప్పగా పడుతుంది. ఆ వారాంతంలో రాష్ట్రమంతటా ప్లంబరు దొరకడం గగనమైంది. వీధి పక్కన పెట్టెలో ఉండే నీటి ప్రధాన కవాటాన్ని ఎలా మూయాలో తెలిసిన ఇంటికి నష్టం కొన్ని బకెట్ల నీళ్లతో ఆగింది, తెలియని ఇంటికి గోడలు, చాపలు, కొయ్య నేల అన్నీ పోయాయి.

ఇలా లక్షల పైపులు ఒకేసారి పగలడం, లక్షల కొళాయిలు ఒకేసారి సన్నగా పారడం, నీటి శుద్ధి కేంద్రాలకు కరెంటు పోవడం కలిసి నగరాల నీటి సరఫరా గొట్టాలలో ఒత్తిడి పడిపోయింది. ఒత్తిడి తగ్గిన గొట్టంలోకి చుట్టూ ఉన్న మట్టినీరు చొరబడవచ్చు గనుక నీళ్లు కాచి తాగమన్నారు. కాని చాలా ఇళ్లలో కాచడానికి కరెంటే లేదు. మరుగుదొడ్డిలో పోయడానికి పెరట్లోని హిమాన్ని బకెట్లలో నింపుకుని తెచ్చుకున్నారు. అయితే హిమంలో గాలే ఎక్కువ, మామూలుగా 10 అంగుళాల హిమం కరిగితే 1 అంగుళం నీరు వస్తుంది, అంటే నిండు బకెట్ హిమం అడుగున నాలుగు చెంబుల నీళ్లు కూడా మిగలకపోవచ్చు. తుపానుకు ముందురోజే స్నానాల తొట్టెను నీటితో నింపిపెట్టుకున్న ఇల్లాలికి ఆ వారం ఇరుగుపొరుగులో ఎంత పేరు వచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు.

మరణాల లెక్క చూస్తే ఇల్లు ఎంత ముఖ్యమో తెలుస్తుంది. 246 మందిలో 161 మంది చలి తాకిడికే పోయారు. శరీరంలోని ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే కిందికి పడిపోవడాన్ని వైద్యులు హైపోథెర్మియా అంటారు. మొదట వణుకు పుడుతుంది. వణుకు శరీరం వేడి పుట్టించుకునే ప్రయత్నం. చలి ఇంకా లోపలికి దిగితే వణుకు ఆగిపోతుంది, మాట తడబడుతుంది, బుద్ధి మందగిస్తుంది, తాను ప్రమాదంలో ఉన్నానన్న సంగతి మనిషికే తెలియకుండా పోతుంది. వణుకు తగ్గింది గనుక తేరుకున్నాడని పక్కవారు భ్రమపడే అపాయమూ ఉంది. వృద్ధులలో ఇది త్వరగా వస్తుంది. పిల్లల దగ్గర కొన్నాళ్లు ఉండి రావడానికి వెళ్లిన తల్లిదండ్రులు ఉన్న ఇంట్లో ఈ విషయం ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసినది. ఇల్లంతా వెచ్చగా ఉంచాలన్న ప్రయత్నం మాని, చిన్న గదిని ఒకదాన్ని ఎంచుకుని, కిటికీలకు దుప్పట్లు కట్టి, తలుపు కింది సందులో తువ్వాలు దోపి, కుటుంబమంతా అక్కడే చేరడం, ఒక మందపాటి కోటుకు బదులు పలుచని బట్టలు పొరలుపొరలుగా తొడుక్కోవడం, తలకు టోపీ పెట్టుకోవడం ఆ రాత్రులలో పనికివచ్చే పద్ధతులు.

వేడి కోసం చేసిన ప్రయత్నాలే మరికొందరిని బలి తీసుకున్నాయి. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వల్ల ఆ తుపానులో 19 మంది మరణించారు, ఆసుపత్రుల పాలైనవారు ఇంకెందరో. ఇంధనం ఏదైనా సరే, బొగ్గయినా పెట్రోలయినా గ్యాసయినా, చాలినంత గాలి అందకుండా కాలినప్పుడు ఆ వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌కు అది ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది; తలనొప్పి, వికారం, మగత వస్తాయి, జలుబు చేసిందేమో అనుకుని పడుకున్నవారు మరి లేవరు. ఇంటికి ఆనుకుని ఉన్న గ్యారేజీలో కారు నడిపి అందులో వెచ్చగా కూర్చోవడం, ఆరుబయట మాంసం కాల్చుకునే బొగ్గుల పొయ్యిని హాల్లోకి తేవడం, జనరేటరును గుమ్మం పక్కన పెట్టడం ఈ మరణాలకు దారితీసే పనులు. గ్యారేజీ తలుపు ఎత్తి ఉంచినంత మాత్రాన ప్రమాదం తప్పదు. జనరేటరు ఇంటి నుంచి కనీసం 20 అడుగుల దూరంలో, కిటికీలకు ఎడంగా ఉండాలి. తలుపులు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని నిద్రపోవడం తెలుగునాట మన్యం పల్లెలలో చలిరాత్రులలోనైనా ఇంతే ప్రమాదకరమైనది.

ఈ వైపరీత్యాన్ని ఎవరూ ఊహించలేదన్న మాట తర్వాత పదేపదే వినిపించింది. ఆ మాట నిలవదు. 2011 ఫిబ్రవరి 2న, డాలస్ పక్కనే ఆర్లింగ్టన్‌లో అమెరికా ఫుట్‌బాల్ ఫైనల్ పోటీ జరగడానికి నాలుగు రోజుల ముందు, ఇదే గ్రిడ్ ఇదే చలికి ఇదే విధంగా తడబడి కోతలు విధించింది. ఆ ఏడాదే కేంద్ర నియంత్రణ సంస్థలు దానిపై విచారణ జరిపి, విద్యుత్ కేంద్రాలకు, వాయు బావులకు చలి రక్షణ కల్పించాలని సూచిస్తూ నివేదిక ఇచ్చాయి. సూచనకు చట్టబలం లేదు. ఖర్చు పెట్టినవాడికి లాభమూ లేదు, పెట్టనివాడికి శిక్షా లేదు. పైగా కొరత ఏర్పడినప్పుడు టోకు ధర మెగావాట్ గంటకు 9,000 డాలర్ల దాకా పెరగనిస్తే కంపెనీలు వాటంతట అవే సిద్ధపడతాయన్నది అప్పటి అక్కడి మార్కెట్ నమ్మకం. 2021లో ధర రోజుల తరబడి ఆ గరిష్ఠ స్థాయిలోనే నిలిచింది గాని, గడ్డకట్టిన గొట్టం ధర చూసి కరగదు. టోకు ధరను నేరుగా ఇంటి బిల్లుకు ముడిపెట్టే పథకంలో చేరినవారికి ఆ కొద్ది రోజులకే వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. అంతకు పదేళ్ల ముందు కొన్ని గొట్టాల చుట్టూ వేడి తీగలు, దూది చుట్టడానికి అయ్యే ఖర్చును మిగుల్చుకోవడం చాలా ఖరీదైన పొదుపుగా తేలింది.

2021లో టెక్సస్ చట్టసభ చేసిన కొత్త చట్టం విద్యుత్ కేంద్రాలకు చలి రక్షణను తప్పనిసరి చేసింది. 2022 డిసెంబరులోను, 2024 జనవరిలోను మళ్లీ తీవ్రమైన చలి వచ్చినా రాష్ట్రవ్యాప్త కోతలు విధించవలసిన అవసరం కలగలేదు, అయితే ఆ చలి 2021లో వలె అన్ని రోజులు నిలవలేదు. 2023 ఫిబ్రవరి మొదట్లో ఆస్టిన్ మీద గడ్డకట్టే వాన కురిసినప్పుడు గ్రిడ్ నిలబడింది గాని, చలికాలంలో కూడా ఆకు రాల్చని అక్కడి ఓక్ చెట్లు మంచు బరువుకు విరిగి వీధి తీగల మీద పడి లక్షకు పైగా ఇళ్లకు కరెంటు పోయింది. చట్టం విద్యుత్ కేంద్రాన్ని మార్చగలదు; అటకలో పైపులున్న పాత ఇల్లు ఎప్పటిలాగే ఉంటుంది.

కాబట్టి టెక్సస్‌కూ ఆ చుట్టుపక్కల రాష్ట్రాలకూ పిల్లలను పంపుతున్న తల్లిదండ్రులకు, వెళ్తున్న విద్యార్థులకు ఒక విన్నపం. అక్కడ గది కుదిరిన మొదటి వారంలోనే నీటి ప్రధాన కవాటం ఎక్కడుందో యజమానిని అడిగి ఒకసారి తిప్పి చూడాలి, కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తున్నదో లేదో బొత్తం నొక్కి తెలుసుకోవాలి, లేకపోతే కొని బిగించాలి. తుపాను వేళ ఇక్కడి పెద్దలు మాటిమాటికీ ఫోను చేయడం మానుకోవాలి. చలికాలంలో అక్కడికీ ఇక్కడికీ పదకొండున్నర గంటల తేడా, ఇక్కడి మధ్యాహ్నం అక్కడి అర్ధరాత్రి, కరెంటు లేని ఇంట్లో ఫోను బ్యాటరీయే అత్యవసర సేవలకు దారి. క్షేమమేనా అని ఒక్క సందేశం పంపి, జవాబు వచ్చేదాకా ఆగడం మేలు.